కట్టను ముట్టుకోకుండా ఎనిమిది అడుగులు: పూనా ఖడక్‌వాస్లా కేసు

నీటిపారుదల శాఖలో పనిచేసినన్నాళ్లూ ఏటా ఒక్కసారైనా నా బల్ల మీదికి ఒక అర్జీ వచ్చేది. "మా చెరువు అలుగు ఒక్క అడుగు లేపించండి సార్." అలుగంటే చెరువు నిండాక మిగులు నీరు దూకిపోయే తగ్గు గోడ. ఒక్కోసారి అర్జీ కూడా ఉండదు. వాన వెలిసిన మర్నాడు వెళ్లి చూస్తే అలుగు మీద ఇసుక బస్తాలు, వాటి మీద కంప, దాని మీద మట్టి పేర్చి ఉంటాయి. పేర్చిన వాళ్లను తప్పు పట్టబుద్ధి కాదు. కళ్లముందే నీళ్లు దూకి వాగు పాలవుతుంటే చేతులు కట్టుకుని చూడడం ఎవరి వల్ల అవుతుంది?

వాళ్లకు జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా నేను ఒక పాత కేసు ఎత్తుకునేవాణ్ణి. పూనా (ఇప్పటి పుణె) నగరానికి పైన ముఠా నది మీద, ఖడక్‌వాస్లా దగ్గర, 1903లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన పని అది. అక్కడ కావలసింది ఒక అడుగు కాదు, ఎనిమిది అడుగులు. ఆయన ఆ ఎనిమిది అడుగులూ ఇచ్చాడు, కట్ట మీద ఒక్క వరుస రాయి కూడా పెంచకుండా. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో "ఆటోమేటిక్ గేట్లు కనిపెట్టారు" అన్న ఒక్క ముక్కతో అయిపోతుంది. ఎందుకు అలా చేశాడు, గోడ పెంచడం ఎందుకు మానుకున్నాడు, దాని వల్ల నెత్తిమీదికి వచ్చిన బాధ్యత ఏమిటి అన్నదే అసలు కేసు. ట్రైనింగ్ పేరుతో ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రానికి వెళ్లినప్పుడు ఆ కట్టను దగ్గరగా చూశాను. అప్పటి నుంచి ఇది నా బుర్రలోంచి పోలేదు.

ఊరు, దాని దాహం

1817లో ఖడ్కీ యుద్ధంలో పీష్వా ఓడిపోయాక ఇంగ్లీషు వాళ్లు పూనాలో పెద్ద కంటోన్మెంటు పెట్టారు. పక్కనే కిర్కీలో (ఖడ్కీని ఇంగ్లీషు వాళ్లు పిలిచిన పేరు) ఇంకో దండు. బొంబాయి గవర్నరు వానాకాలం అంతా ఇక్కడే మకాం. అంటే పాత ఊరు ఒకటి, దాని పక్కన తెల్లవాళ్ల ఊరు ఇంకొకటి, రెండింటికీ నీళ్లు కావాలి. పాత ఊరికి పీష్వాల కాలపు ఏర్పాటు ఉంది. కాత్రజ్ చెరువుల నుంచి నేలకింద కట్టిన కాలువలో నీరు ఊళ్లోని హౌదులకు, అంటే నీటి తొట్లకు, వచ్చేది. దండుకు అది చాలదు. సర్ జంషెట్‌జీ జీజీభాయ్ విరాళంతో ములా-ముఠా మీద బండ్ గార్డెన్ దగ్గర అడ్డుకట్ట కట్టి నీరు ఎక్కించారు. అదీ చాలలేదు.

అప్పుడు రాయల్ ఇంజనీర్స్‌కు చెందిన కర్నల్ ఫైఫ్ పూనాకు పది మైళ్ల పైన ఖడక్‌వాస్లా దగ్గర చోటు చూశాడు. 1869 ప్రాంతంలో పని మొదలై 1879 నాటికి ముగిసింది. చాలాకాలం ఆ జలాశయాన్ని ఫైఫ్ చెరువు అనే పిలిచారు. మైలుకు కాస్త తక్కువ పొడవు, పునాది నుంచి నూరడుగుల పైచిలుకు ఎత్తు, సున్నపు గచ్చుతో కట్టిన రాతిగోడ. పొడవులో ఒక భాగాన్ని తగ్గులో ఉంచి అదే అలుగుగా వదిలారు. కుడికాలువ పూనా ఊరు మధ్యలోంచే పోయి దిగువ పొలాలకు చేరుతుంది. ఊరికీ దండుకూ తాగునీరు ఆ కాలువల మీదుగానే అందేది. ఇప్పటికీ పుణెలో ఆ కుడికాలువ గట్టు మీద జనం పొద్దున్నే నడకకు పోతుంటారు, అది ఎందుకు తవ్విన కాలువో చాలామందికి పట్టదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, తర్వాత కథంతా దాని మీదే నడుస్తుంది. ఆ గోడ ఎత్తుకు తగినంత లావు లేదు. కట్టిన రోజుల్లో రాతి ఆనకట్టల లెక్క ఇంకా పసిది. ఫ్రాన్సులో సాజిలీ, డెలోక్ర్, బ్రిటన్‌లో ర్యాంకిన్ అప్పుడప్పుడే సూత్రాలు పెడుతున్నారు. పునాది కింద దూరిన నీరు గోడను పైకి ఎత్తుతుందన్న సంగతిని ఎవరూ లెక్కలో వేసేవారు కాదు. ఖడక్‌వాస్లా గోడ చాలదన్న అనుమానం రాగానే దిగువ వైపు మట్టికట్ట పోసి ఆనించారు. ముసలాయన వెనక్కి పడకుండా దిండ్లు పెట్టినట్టు.

వానకూ వేసవికీ మధ్య

ముఠా పరివాహకం పడమటి కనుమల్లో ఉంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ పడే వాన మన రాయలసీమ వాళ్లం కలలో కూడా చూడం. జులై, ఆగస్టుల్లో చెరువు నిండి అలుగు దూకుతుంది. ఆరడుగులు, ఒక్కోసారి ఎనిమిది అడుగుల మందంతో నీరు అలుగు మీదుగా వృథాగా పోయేది. అదే చెరువు ఏప్రిల్ వచ్చేసరికి అడుగంటేది. మధ్యలో 1896-97 కరువు, ఆ వెంటనే 1899-1900 కరువు. దక్కనులో కాలువ నీటి విలువ ఏమిటో ఆ నాలుగేళ్లలో అందరికీ తెలిసొచ్చింది. నీళ్లు తక్కువైనప్పుడు ఊరికి ఇవ్వాలా, చెరకు తోటకు ఇవ్వాలా అన్న గొడవ ఎక్కడైనా ఒకటే.

విశ్వేశ్వరయ్య పూనా కొత్తవాడు కాదు. అక్కడి సైన్సు కాలేజీలోనే ఇంజనీరింగు చదివి, 1884లో బొంబాయి ప్రజా పనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరాడు. సింధులో సక్కర్ ఊరికి తాగునీటి పని చేశాడు. తర్వాత పూనా నీటిపారుదల ఆయన చేతికి వచ్చింది. మనకు సంబంధించినంత వరకు ఇంకో మాట: ఆయన ఇంటిపేరు పాత ప్రకాశం జిల్లా పడమటి కొసన ఉన్న మోక్షగుండం ఊరిది. పూర్వీకులు అక్కడి నుంచి మైసూరు సీమకు వలస పోయారు. ఇంట్లో మాట్లాడింది తెలుగే.

లెక్క వేసి చూద్దాం

ఆయన ముందున్న దారులు ఏమిటో ఇప్పుడు మన బల్ల మీద పెట్టుకుని చూద్దాం. అంకెలు నావి, అర్థం కావడానికి గుండుగుత్తగా వేసుకున్నవి.

మొదటిది, కట్టను, అలుగును కలిపి ఎనిమిది అడుగులు లేపడం. నూరడుగుల లోతు నీటికి ఆనిన గోడ మీద ఒత్తిడి లోతు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే నూరు నుంచి నూట ఎనిమిదికి పోతే నెట్టే బలం దాదాపు 17 శాతం ఎక్కువ. గోడను బోర్లా పడేసే శక్తి అయితే లోతు ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అది 26 శాతం ఎక్కువ. ఎనిమిది శాతం ఎత్తుకు ఇరవై ఆరు శాతం భారం. ఇప్పటికే దిండ్లు పెట్టి ఆనించిన గోడకు ఇది పెట్టగలమా? పెట్టాలంటే దిగువ వైపు మొత్తం పొడవునా కొత్త రాతికట్టడం పునాది నుంచి లేపి పాతదానికి అతికించాలి. పాత గచ్చుకూ కొత్త గచ్చుకూ అతుకు సరిగా పడకపోతే రెండు గోడలు పక్కపక్కన నిలబడినట్టే తప్ప, లావుపాటి గోడ ఒకటి అయినట్టు కాదు. పైగా 1895లో ఫ్రాన్సులో బూజే ఆనకట్ట పగిలి ఎనభై మందికి పైగా చనిపోయారు. పునాది కింది నీటి ఎత్తుడు గురించి ప్రపంచం నిద్రలేచింది ఆ దెబ్బతోనే. ఆ తర్వాతి కాలంలో పాత సన్నగోడను లేపుతానని సంతకం పెట్టడానికి గుండె కావాలి.

రెండోది, మన ఊళ్లలో చేసేది. కట్టను వదిలేసి అలుగును మాత్రం లేపడం. దీని లోపం లెక్కలో తప్ప కంటికి కనపడదు. అలుగు మీద పోయే నీరు లోతుతో సమానంగా పెరగదు, లోతును దాని వర్గమూలంతో హెచ్చవేసినంతగా పెరుగుతుంది. వెయ్యి అడుగుల అలుగు మీద ఎనిమిది అడుగుల లోతున నీరు పోతే సుమారు 70 వేల క్యూసెక్కులు. అదే నాలుగడుగుల లోతైతే 35 వేలు అనుకుంటారు, కాదు, 25 వేలే. అంటే అలుగును నాలుగడుగులు లేపి కట్టను అలాగే ఉంచితే, వరదను పంపే శక్తి సగానికి కాదు, మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిన రెండు వంతుల వరద ఎటు పోతుంది? కట్ట నెత్తిమీదుగా. ఇసుక బస్తాలు పేర్చే రైతుకు నేను చెప్పాలని ప్రయత్నించిందల్లా ఇదే. ఒక్కసారి కూడా లెక్కతో చెప్పి నమ్మించలేకపోయాను. తెగిన చెరువును చూపిస్తేనే నమ్మారు.

మూడోది, అలుగు మీద చెక్కపలకలు నిలబెట్టి, వరద వచ్చినప్పుడు మనుషులు తీసేయడం. చవక. కానీ కనుమల్లో రాత్రి రెండింటికి కుంభవృష్టి పడితే, వెయ్యి అడుగుల అలుగు మీద ఎనిమిది అడుగుల పలకలు ఎవరు తీస్తారు?

ఆయన చూసిన సంగతి

ఇక్కడ నాకు బాగా నచ్చిన ఆలోచన ఒకటుంది. అలుగు మీద ఏటా ఆరు, ఎనిమిది అడుగుల నీరు పోతోంది అన్నాం కదా. అంటే జులై వరదలో చెరువు మట్టం ఎలాగూ ఆ ఎత్తుకు చేరుతోంది. గోడ ఆ భారాన్ని ఏటా మోస్తూనే ఉంది, ఇరవై ఏళ్లుగా మోస్తోంది. కొత్త ఎత్తేమీ అక్కర్లేదు. ఆ ఎత్తున నీరు కొన్ని గంటలో కొన్ని రోజులో నిలిచి పోతోంది, దాన్ని నెలల తరబడి నిలబెట్టాలి, అంతే. గోడ మీద పడే గరిష్ఠ భారం మారదు, అది ఉండే కాలం మారుతుంది.

అలా నిలబెట్టాలంటే అలుగు మీద తలుపులుండాలి. మామూలు రోజుల్లో అవి మూసి ఉండి ఎనిమిది అడుగుల నీటిని ఆపాలి. మట్టం అంతకు మించుతుందనగానే వాటంతటవే తెరుచుకుని పాత అలుగును పాత అలుగుగానే వదిలేయాలి. వరద తగ్గగానే మళ్లీ మూసుకోవాలి. విశ్వేశ్వరయ్య రూపకల్పన చేసిన గేట్లు సరిగ్గా ఇదే చేశాయి. గేటు బరువుకు తూకపు బరువులు కట్టి సరిసమానంగా నిలబెట్టాడు. నీటిమట్టం నిర్ణీత గీత దాటితే ఆ నీరే తూకాన్ని ఒకవైపు మొగ్గేలా చేస్తుంది, గేటు తెరుచుకుంటుంది. మట్టం దిగితే తూకం తిరిగి పాత స్థితికి వస్తుంది. కరెంటు లేదు, మోటారు లేదు, రాత్రి కాపలా మనిషి లేడు. తక్కెడ తెలిసిన ఏ కిరాణా కొట్టు శెట్టికైనా అర్థమయ్యే సూత్రం. కష్టమంతా ఘర్షణ దగ్గర ఉంటుంది. ఎనిమిది అడుగుల నీరు గేటును గాడికి నొక్కిపెడుతుంటే అది చిన్న తూకం తేడాకే కదలాలి. గేట్ల పని చేసిన ఎవరినైనా అడగండి, డ్రాయింగులో కదలని గేటు ఉండదు, సైటులో సులువుగా కదిలే గేటు ఉండదు.

1903లో గేట్లు బిగించారు. చెరువు నిల్వ మట్టం సుమారు ఎనిమిది అడుగులు పెరిగింది, నిల్వ దాదాపు నాలుగో వంతు పెరిగింది. నూరడుగుల కట్టకు ఎనిమిది అడుగులు కలిపితే పాతిక శాతం ఎలా వచ్చిందంటే, చెరువు మూకుడు లాంటిది. అడుగున ఇరుకు, పైన వెడల్పు. పై అడుగులోనే నీరెక్కువ. అందుకే పై అడుగు మీద అందరికీ ఆశ.

గేటు మీద పేటెంటు ఆయన పేరున వచ్చింది. ప్రభుత్వ ఉద్యోగిగా, ప్రభుత్వ పని కోసం చేసినదానికి రాయల్టీ తీసుకోనని వదులుకున్నాడు. అదే తరహా గేట్లను తర్వాత గ్వాలియర్ దగ్గర తిగ్రా కట్టకూ, మైసూరులో కృష్ణరాజసాగరానికీ పెట్టారు.

ఊరికే వచ్చిన అడుగులు కావు

ఈ కేసు చెప్పేవాళ్లు ఇక్కడ చప్పట్లు కొట్టి ఆపేస్తారు. నేను ఆపను. ఎందుకంటే ఆ ఎనిమిది అడుగులు ఇంతకుముందు ఖాళీగా ఉన్న చోటు, ఆ ఖాళీ కూడా ఒక పని చేస్తూ ఉండేది.

పెద్ద వరద వచ్చినప్పుడు అలుగు మట్టానికీ కట్ట పైఅంచుకూ మధ్య ఉన్న చోటు కొంత నీటిని తనలో పట్టి ఉంచి, దిగువకు పోయే ఉద్ధృతిని తగ్గిస్తుంది. ఆ చోటును ముందే నీటితో నింపేస్తే ఆ మెత్త పోతుంది, వచ్చిందంతా వచ్చినట్టు వదలాల్సిందే. ఇక కాలం సంగతి. సున్నపు గచ్చు గోడలోకి నీరు గంటల్లో దూరేది వేరు, నెలల తరబడి ఒత్తిడి పెడితే దూరేది వేరు. గరిష్ఠ భారం అదే కావచ్చు, కానీ పునాది కింది ఎత్తుడుకు కాలం కలిసొస్తుంది. అన్నిటికంటే ముఖ్యం, ఇంతకుముందు కదలని రాతి అలుగును నమ్ముకుని ఉన్న కట్ట ఇప్పుడు కదిలే ఇనుమును నమ్ముకుంది. రాతి అలుగు తెరుచుకోవడం మరిచిపోదు. గేటుకు తుప్పు పడుతుంది, చెత్త అడ్డుపడుతుంది, గొలుసు తెగుతుంది.

గొలుసు తెగితే ఏమవుతుందో 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర మీద చూశాం. పందొమ్మిదో గేటు కొట్టుకుపోయింది. అలుగు మట్టానికి పైన నిలిపిన నీరంతా గేట్ల దయ మీద నిలిచిందని ఆ వారం కర్నూలు, అనంతపురం, బళ్లారి, రాయచూరు రైతులందరికీ ఒకేసారి తెలిసింది. మన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు గారి సలహాతో పారే నీటిలోనే స్టాప్‌లాగులు (గేటు స్థానంలో ఒకదాని మీద ఒకటి దించే అడ్డుపలకలు) దించి మిగిలిన నీటిని కాపాడుకున్నారు. ఆ వయసులో ఆయన ఆ కట్ట మీద నిలబడి పని చేయించడం టీవీలో చూస్తూ నేను ఆ పూట అన్నం తినడం మరిచిపోయాను.

మరి గోడ లేపడమే మేలా? దానికి వేరే ముందుచూపు కావాలి. ఖడక్‌వాస్లాకు పదేళ్లు అటూ ఇటూగా బొంబాయి నగరం కోసం కట్టిన తాన్సా కట్టను చూడండి. 1892లో వైస్రాయి లాన్స్‌డౌన్ ప్రారంభించాడు, ఎత్తు 118 అడుగులు. కానీ పునాది లావును 135 అడుగుల కట్టకు సరిపోయేలా ఆనాడే వేశారు. ఊరు పెరుగుతుందని, ఏదో ఒకనాడు లేపక తప్పదని ముందే ఒప్పుకున్నారన్నమాట. ఖడక్‌వాస్లా కట్టినవాళ్లకు ఆ అవకాశం లేదు, వాళ్ల పునాది వాళ్ల ఎత్తుకే బొటాబొటి. విశ్వేశ్వరయ్య గేట్లను తెలివి అని మెచ్చుకుంటాం, నిజమే. కానీ అది గోడ బలహీనత నేర్పిన తెలివి కూడా. తాన్సా లాంటి పునాది ఉంటే ఆయన బహుశా రాయే పేర్చి ఉండేవాడు.

1908 సెప్టెంబరు 28న మూసీ హైదరాబాదును ముంచినప్పుడు నిజాం ప్రభుత్వం పిలిచింది ఈయననే. అక్కడ ఆయన ఇచ్చిన సలహా ఖడక్‌వాస్లాకు తిరగేసినట్టు ఉంటుంది. ఊరికి పైన జలాశయాలు కట్టండి, వరదను అవి పట్టి ఉంచి మెల్లగా వదలాలి అన్నాడు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ అలా వచ్చాయి. తాగునీటి చెరువుగానే మనం వాటిని ఎరుగుదుం, పుట్టింది మాత్రం ఖాళీ చోటు కోసం. పూనాలో ఖాళీని నీటితో నింపినవాడే హైదరాబాదులో నీటి చోటును ఖాళీగా ఉంచమన్నాడు. రెండు మాటలూ ఒకే మనిషివి, రెండూ సరైనవే. ఒక చోట ఊరు దాహంతో ఉంది, ఇంకోచోట ఊరు మునిగి ఉంది.

1961 జులై 12

ఖడక్‌వాస్లాకు ఎగువన అంబి నది మీద పాన్‌షేత్ మట్టికట్ట కడుతున్నారు. పని పూర్తిగా ముగియకముందే వానాకాలం వచ్చింది. నీరు వదిలే తూము అసంపూర్తిగా ఉంది, గేట్ల ఏర్పాటు పూర్తి కాలేదు. అరకొర తూములోంచి నీరు కొట్టుకుంటూ పోతుంటే పైన మట్టికట్ట కుంగిపోయింది. సైనికులు రాత్రంతా ఇసుక బస్తాలు పేర్చారు. జులై 12 పొద్దున కట్ట తెగింది.

ఆ నీరంతా ఖడక్‌వాస్లా మీదికి వచ్చింది. ఇలాంటి వరదకు ఏ గేటూ, ఏ అలుగూ సరిపోదు. 1903 లెక్కలోనూ ఇది లేదు, 1879 లెక్కలోనూ లేదు. గోడ నెత్తిమీదుగా మనిషెత్తును మించి నీరు దూకింది. అయినా ఎనభై రెండేళ్ల నాటి సున్నపు గచ్చు గోడ, లావు చాలదని మనం అనుకున్న ఆ గోడే, గంటల తరబడి నిలబడింది. తర్వాత తెగింది. పుణెలో వంతెనలు మునిగాయి, నది ఒడ్డు పేటలు కొట్టుకుపోయాయి, వందల మంది చనిపోయారు. వరద తీశాక ఊరికి ఇంకో దెబ్బ: నీళ్లిచ్చే చెరువే లేదు. చుట్టూ బురద, కుళాయిలో చుక్క లేదు. జనం మళ్లీ పాత బావుల మీద పడ్డారు.

గోడ గంటల తరబడి నిలబడడం ఊరికి ఉపకారమో అపకారమో నాకు ఇప్పటికీ తేలలేదు. నిలబడినంతసేపూ జనం లేచి పరిగెత్తడానికి వ్యవధి దొరికింది. తెగినప్పుడు తన సొంత నీటిని కూడా వరదకు కలిపింది. విశ్వేశ్వరయ్య అప్పటికి నూరేళ్లు నిండి బెంగళూరులో ఉన్నాడు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో పోయాడు. తన గేట్లు పెట్టిన చెరువు కొట్టుకుపోయిన వార్త ఆయన విన్నాడా, వింటే ఏమన్నాడు అని అక్కడ కట్ట మీద నిలబడ్డప్పుడు అనిపించింది. తెగిన చోట తిరిగి కట్టారు. ఇవాళ పుణె తాగేదాంట్లో ఎక్కువ ఆ జలాశయం నీళ్లే, ఒడ్డున నేషనల్ డిఫెన్స్ అకాడమీ కుర్రాళ్లు పడవలు నడుపుతుంటారు.

నా ఎనిమిది అంగుళాలు

ఖడక్‌వాస్లా గొప్పగా చెప్పే నేను ఒకచోట దాన్ని కాపీ కొట్టబోయి తప్పు చేశాను. ఆ ఊరి పేరు ఎందుకు, రాయలసీమలో ఒక వంద ఎకరాల చెరువు అనుకోండి. ఏటా అలుగు మీద బస్తాలు పేరుస్తున్నారు. పోలీసులతో ఆపించడం నాకు ఇష్టం లేదు. అలుగు మీద అడుగు ఎత్తు కూడా లేని చెక్కపలకలు నిలబెట్టుకునేలా రాతిలో గాడులు చెక్కించాను. ఎనిమిది అంగుళాల పలకలు. నవంబరు వానలు వెళ్లాక పెట్టాలి, మళ్లీ వానలకు ముందు తీయాలి. లష్కర్ (చెరువు తూములు, అలుగు చూసుకునే శాఖ మనిషి) పేరు మీద ఆర్డరు రాసి, ఒక కాపీ చెరువు సంఘానికి ఇచ్చాను. గ్రామసభలో రైతులు నాకు శాలువా కూడా కప్పారు.

మొదటి ఏడు బాగానే నడిచింది. రెండో ఏడు లష్కర్ రిటైరయ్యాడు. ఆ పోస్టు భర్తీ కాలేదు. పలకలు తీసేవాడు లేడు, వేసవి అంతా అలాగే ఉన్నాయి. అక్టోబరులో వాయుగుండం పట్టి రాత్రంతా కురిసింది. తెల్లవారుజామున ఫోను వస్తే పోయి చూశాను. కట్టకు జానెడు తక్కువలో నీరు. పలకలు నీటికి ఉబ్బి గాడుల్లో బిగిసిపోయి గడ్డపారతో పెకలించినా రావడం లేదు.

"ఏం సార్, మీరే కదా పెట్టించినారు, ఇప్పుడెట్లా?" అన్నాడు చెరువు సంఘం పెద్దాయన. కోపంగా కూడా అనలేదు, అందుకే ఎక్కువ తగిలింది.

ఇద్దరు కుర్రాళ్లు నడుములకు మోకులు కట్టుకుని అలుగు మీదికి దిగి గొడ్డళ్లతో పలకలు నరికారు. ఒక్కో పలక విరిగినప్పుడల్లా నీరు పెద్ద చప్పుడుతో దూకేది. ఏడు పలకలు పోయాక మట్టం దిగడం మొదలైంది. చెరువు నిలిచింది.

మట్టం ఎనిమిది అంగుళాలైనా ఎనిమిది అడుగులైనా ఎవరూ లేని రాత్రి అది ఎలా తెరుచుకుంటుందన్నదే ప్రశ్న అని ఖడక్‌వాస్లా కట్ట మీద నిలబడి కూడా నేను నోట్సులో రాసుకున్నాను. ఆ నోట్సు అప్పుడు ఆఫీసు బీరువాలో ఉంది. ఆ గాడులు ఇప్పటికీ ఆ అలుగు మీద ఉన్నాయి, సిమెంటుతో పూడ్పించే పని నా సర్వీసులో ముగియలేదు. నరికిన పలకల ముక్కలు మాత్రం రెండు రోజుల్లో మాయమయ్యాయి. ఆ చలికాలం ఎవరి పొయ్యిలోకి పోయాయో నేను అడగలేదు.